సేతినొప్పుల మిషను

మన పని

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఏ బాధా లేకుండా హాయిగా తిరుగుతున్న మనిషిని పట్టుకుని, "నీకు జబ్బుంది, బతికున్నంత కాలం మాత్ర మింగాలి" అని నమ్మించడమే మన ఉద్యోగం. దొంగస్వాములు చేసేది కూడా ఇంచుమించు ఇదే. వాళ్లకి కాషాయం, మనకి తెల్లకోటు. కాకపోతే మనం చెప్పేది నిజం. అందుకే జనం మన మాట అంత తొందరగా నమ్మరు.

జ్వరానికి కాస్త మర్యాద ఉంది, వచ్చానని చెబుతుంది. పంటి నొప్పయితే ఊరందరికీ చెబుతుంది. రక్తపోటుకి ఆ అలవాటు లేదు. మనిషి తింటాడు, తిరుగుతాడు, పెళ్లిళ్లలో డాన్సులు చేస్తాడు, ఒకరోజు చేతిలో గ్లాసు జారిపోతుంది. అప్పుడు బంధువులంతా వచ్చి "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు డాక్టరుగారూ" అంటారు. నా సర్వీసంతా నేను ఎక్కువగా విన్న వాక్యం అదే.

నేను నెల్లిమర్లలో పుట్టాను. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. డాక్టరీ చదివేటప్పుడు గుండె ఆపరేషన్లు చేసి పేపర్లో పడాలని నా కోరిక. సర్కారు వారు నాకు ఇచ్చింది నౌపడ దాటాక, ఉప్పు మడుల పక్కనుంచి సముద్రం వైపు పోయే రోడ్డు చివర ఒక ఆరోగ్య కేంద్రం. రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక మేక. మేక మాది కాదు. అయినా నేనక్కడ పనిచేసినంత కాలం మా అందరిలో హాజరు సరిగ్గా ఉన్నది దానికొక్కదానికే.

మొహమాటం లేని మిషను

పాదరసం పరికరాల కాలంలో మా కేంద్రానికి వచ్చిన ప్రతి మనిషి బీపీ నూట ముప్పై బై ఎనభై. రద్దీ ఎక్కువైతే నూట ఇరవై బై ఎనభై. కొలిచేవాళ్ల ఓపికని బట్టి ఊరి ఆరోగ్యం ఉండేది. భోజనాల వేళకి అందరూ మహా ఆరోగ్యవంతులు.

ఆటోమేటిక్ మిషన్లు వచ్చాక ఆ స్వర్ణయుగం పోయింది. బొత్తాం నొక్కితే పట్టీ బుస్సుమని ఉబ్బుతుంది, చేతిని నొక్కుతుంది, మెల్లగా వదిలి అంకె చూపిస్తుంది. దానికి మొహమాటం లేదు, ఆకలి లేదు, సర్పంచిగారి బావమరిదని తెలియదు.

అలాగని దానికి దండం పెట్టి కూర్చోకండి. కట్టేవాళ్లని బట్టే అది చెప్పే అంకె. ఆటో దిగి పరుగెత్తుకొచ్చిన మనిషికి కట్టకండి. చొక్కా చెయ్యి మీద కట్టకండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. కుర్చీకి వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోబెట్టాలి. అందులో నోరు మూయించడమే కష్టం. అత్తగారు కోడలి గురించి చెబుతుండగా కొలిచారనుకోండి, ఆ వచ్చిన అంకె అత్తగారిది కాదు, కోడలిది.

ఈ సంగతులన్నీ పుస్తకాల్లో ఉంటాయి. పుస్తకాల్లో లేనిది పైడమ్మ. అందుకే ఆవిడ గురించి చెబుతాను.

పైడమ్మ

మా కేంద్రానికి దగ్గర్లోని మత్స్యకారుల ఊరు ఆవిడది. యాభై దాటిన మనిషి. తెల్లారి తీరానికి వచ్చిన చేపని కొని, గంపలో వేసుకుని, టెక్కలి దాకా వెళ్లి అమ్ముకొచ్చేది. గంపలు మోసి మోసి చేతులు దూలాల్లా ఉండేవి. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క పెద్ద పట్టీ ఆవిడకే సరిపోయేది.

ఒక మాత్ర వాడుతున్నా మా దగ్గర కొలిచినప్పుడల్లా ఆవిడ బీపీ నూట డెబ్భై చిల్లర.

"అమ్మా, మీ ఆసుపత్రి వాసనకే నాకు దడొచ్చెత్తాది. ఇంటికాడ నాకేటీ ఉండదు" అనేది.

అది సాకు కానక్కర్లేదు. తెల్లకోటుని చూస్తేనే బీపీ పెరిగేవాళ్లు నిజంగా ఉంటారు. అందుకని పెద్ద పట్టీ ఉన్న మిషను ఆవిడకే ఇచ్చి, కొన్నాళ్లు పొద్దున, సాయంత్రం ఇంట్లోనే కొలుచుకుని నాకు ఫోను చెయ్యమన్నాను. అంకెలు చదవడం ఆవిడకి బాగా వచ్చు. ఫోనులో మర్యాదలు మాత్రం రావు. నేను పళ్లు తోముకుంటుంటే ఫోను మోగేది.

"అమ్మా, పైడమ్మని. నూట ముప్పై రెండు. పెట్టెత్తన్నాను."

సాయంత్రం మళ్లీ.

"అమ్మా, నూట తొంభై రెండు. పెట్టెత్తన్నాను."

రోజూ ఇదే వరస. పొద్దున చూస్తే బంగారం, సాయంత్రం చూస్తే భయం. నాకు తెలిసిన కారణాలన్నీ అడిగాను. టీ తాగుతున్నావా? లేదు. ఎవరితోనైనా గొడవా? మామూలే. మధ్యాహ్నం ఏం తిన్నావు?

"కూడు."

"దేంతో?"

"ఉప్పుసేపతో."

"ఉప్పుచేప మానెయ్యి పైడమ్మా."

"మానేసి ఏటి నంజుకోవాలమ్మా? గాలా?"

ఇంకో మాత్ర కలుపుదామా అని ఆలోచించి, ముందు ఒకసారి ఆ సాయంత్రం బీపీని కళ్లారా చూడాలనుకున్నాను. మా నర్సు సావిత్రి స్కూటరు వెనక కూర్చుని వాళ్లింటికి వెళ్లాను.

మంచం మీద మనిషి

ఇంటి ముందు నులకమంచం మీద ఒక భారీ మనిషి కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. అతని ఎడమ చేతికి మా మిషను పట్టీ. పక్కన పీట మీద కూర్చుని పైడమ్మ బొత్తాం నొక్కుతోంది.

"గట్టిగా నొక్కమనే దాన్ని. నిన్న బాగా నొక్కినాది. అది అయినాక కుడిసేతికీ కట్టు" అంటున్నాడు ఆ మనిషి, కళ్లు తెరవకుండానే.

నన్ను చూసి పైడమ్మ గభాలున నోటి మీద వేలు పెట్టుకుంది. లేచి వచ్చి, నా రెక్క పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కుపోయింది.

"మా మావమ్మా. అప్పన్న."

"ఆయనకెందుకు కట్టావు?"

"ఆసుపత్రికి రాడమ్మా. పొద్దున లేత్తూనే తల పట్టుకుంటాడు. ఆళ్ల నాయినా ఇలాగే పడిపోనాడు, ఆళ్లన్నా ఇలాగే పడిపోనాడు. నాకు బయమేసి, వలలు లాగిన సేతికి నొప్పులు తీసే మిషను, గవర్మెంటోళ్లిచ్చినారు అని సెప్పినాను. ఇప్పుడు అది కట్టందే నిద్దరపోడు."

అసలు సంగతి తెలుసా? రక్తనాళంలోని ఒత్తిడిని మించి బిగిస్తే గానీ ఆ మిషను అంకె పట్టుకోలేదు. బీపీ ఎంత ఎక్కువైతే పట్టీ అంత గట్టిగా బిగుస్తుంది. అంటే అప్పన్నకి సుఖంగా ఉన్నదల్లా అతని జబ్బే.

సాయంత్రం అంకెలు ఎవరివో అర్థమైంది. పైడమ్మకి ఇంటి దగ్గర నూట ముప్పై, ఆవిడకి ఉన్న ఒక్క మాత్రే చాలు. రోగి ఆవిడ కాదు, మంచం మీద మనిషి.

"మరి చెప్పి తీసుకురావచ్చు కదా?"

"సెప్తే ఇంకేటున్నాది? పడవకి పెద్ద అమ్మా ఆడు. ఎక్కడ వల ఎయ్యాలో, ఎప్పుడు ఎనక్కి తిరగాలో ఆడే సెప్పాలి. బీపీ బిళ్లలు మింగుతున్నాడని తెలిస్తే కుర్రోళ్లు ఆడి మాట ఇంతారేటి? అందుకే నాకు బిళ్లలు ఇచ్చెయ్యమ్మా. నూరేసి పులుసులో కలిపెత్తాను. ఆడికి తెలవదు."

"ఐడియా బాగానే ఉంది మేడం" అంది సావిత్రి.

నేను ఒప్పుకోలేదు. మీకూ ఇలాంటి బేరాలు వస్తాయి. తాగుడు మానిపించే పొడి నుంచి మొదలుపెట్టి అన్నీ పులుసులోనే కలపమంటారు. ఒప్పుకోకండి. మాత్ర మింగాక కొత్తలో కొందరికి కళ్లు తిరుగుతాయి. నడి సముద్రంలో పడవ అంచున నిలబడ్డ మనిషికి కళ్లెందుకు తిరుగుతున్నాయో తెలియకపోతే? పైడమ్మ ఒకరోజు ఊరెళితే? తను మొదలుపెట్టినట్టే తెలియని మనిషి, మానేసినట్టు మాత్రం ఎలా చెబుతాడు? పైగా ఆ ఒళ్లు అతనిది. మనది కాదు, పెళ్లాందీ కాదు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"నానే సెప్తానమ్మా. మంచి ఏళ సూసి సెప్తాను" అంది.

మొగుడితో నిజం చెప్పడానికి మంచి వేళ కోసం చూస్తే అది ఎప్పుడొస్తుందో మీకు పెళ్లయ్యాక తెలుస్తుంది.

తుఫాను షెల్టరులో ఇద్దరు మగాళ్లు

ఆ వేళ వచ్చేలోపల మా పై అధికారి వచ్చారు. ఆయన్ని ఇక్కడ సోమయాజులుగారు అంటాను. ఆయన కూడా డాక్టరే. విజయనగరంలో వీణ వాయించే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఉల్లిపాయ కోసిన చాకుతో టమాటా కోసినా ముట్టరు. చెయ్యి చాచే అలవాటు లేదు, కక్షలు లేవు, చక్కని కంఠం. ఆ కంఠంతో ఒకే ప్రశ్న అడిగేవారు: "కంట్రోలు ఎంత?" అంటే, నూటికి ఎంతమంది బీపీ అదుపులో ఉందని. మీటింగులో అడిగేవారు, జీపు దిగుతూ అడిగేవారు. ఒకసారి మా వరండాలో మేకని చూసి కూడా అదే అడుగుతారేమోనని భయపడ్డాను.

పైడమ్మ వాళ్ల ఊళ్లో తుఫాను షెల్టరు ఉంది. అందులో బీపీ శిబిరం పెట్టించారు. బ్యానరు కట్టారు, ఊరంతా వచ్చింది, వేటకి వెళ్లని మగాళ్లు కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. అంతలో మా మిషను ఒకటి మొరాయించింది. సావిత్రి పరుగెత్తుకెళ్లి పైడమ్మ ఇంట్లోని మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని పరిణామాలు సావిత్రికీ, నాకూ తోచలేదు.

సోమయాజులుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు.

"భయపడకండి. నొప్పి ఉండదు. చూడండి, నేను కట్టుకుని చూపిస్తాను."

కట్టుకున్నారు. పట్టీ బిగిసింది, బిగిసింది, ఇంకా బిగిసింది. అంకె వచ్చింది. నూట ఎనభై ఆరు బై నూట పన్నెండు.

"బ్యాటరీ వీక్ అయినట్టుంది" అన్నారాయన. బ్యాటరీలు మార్చాం. నూట ఎనభై ఎనిమిది. "పట్టీలో తేడా ఉంది" అన్నారు. ఆయన చేతికి సరిపడే మామూలు పట్టీ తగిలించాం. పెద్ద తేడా లేదు. అదే పట్టీ సావిత్రికి కడితే నూట పదహారు.

అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి జనాన్ని తోసుకుంటూ అప్పన్న ముందుకొచ్చాడు. బల్ల మీదున్న మిషనుని ఎగాదిగా చూశాడు.

"ఓలమ్మా! ఇది మా ఇంటికాడి సేతినొప్పుల మిషను గదేటి!"

షెల్టరు పైకప్పు లేచిపోయేంత నవ్వారు జనం. అప్పన్న నవ్వలేదు. పెళ్లాం వైపు తిరిగాడు. పైడమ్మ కాసేపు నేల చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"అవును మావా. అది బీపీ మిషనే. నీకు రోజూ నూట తొంభై సూపిత్తన్నాది. నీకు సెప్పే దైర్నం నాకు నేకపోనాది."

"ఒసే, ఊరందరి ముందరా..." అన్నాడు అప్పన్న. అతని పడవలో కుర్రాళ్లందరూ అక్కడే ఉన్నారు. నవ్వడం మానేసి అతన్నే చూస్తున్నారు. అతని బామ్మర్ది ఎర్రన్న కూడా.

ఇక నేను కలగజేసుకోక తప్పలేదు. మా అధికారినీ, అప్పన్ననీ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు ఇద్దరూ మాట్లాడకూడదని చెప్పాను. సోమయాజులుగారు ఏదో అనబోతే, "సార్, మీరు కూడా" అన్నాను. పై అధికారిని శాస్త్రీయంగా నోరు మూయించే అవకాశం ఉద్యోగంలో మళ్లీ రాదు. ఆ ఐదు నిమిషాలు నేను ఎంత ఆనందం అనుభవించానో చెప్పలేను.

తర్వాత కొలిచాను. సార్‌కి నూట డెబ్భై ఎనిమిది. అప్పన్నకి నూట తొంభై నాలుగు.

"మిషను తప్పు" అన్నారిద్దరూ. ఒకేసారి.

అప్పన్న లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి పోయాడు. సార్ భోజనం చేయకుండా జీపెక్కారు.

అత్తగారి బీపీ

వారం తిరక్కుండా సోమయాజులుగారి నుంచి ఫోను.

"అమ్మా, మా అత్తగారికి బీపీ ఉన్నట్టుంది. ఏం మొదలుపెడితే బాగుంటుందంటావు?"

"ఆవిడ బరువెంత సార్?"

"ఇంచుమించు నా అంత."

"షుగరు ఉందా?"

"నాకు లేదు. అంటే... ఆవిడకి లేదు."

ఆయనకి తెలియని మందులు కావు. తన చీటీ తను రాసుకోవడానికి చెయ్యి రాలేదు, అంతే. మందు చెప్పాను. అత్తగార్ని ఒక ఈసీజీ, కిడ్నీ పరీక్షలు కూడా చేయించుకోమనండి అన్నాను. "అలాగే, చెబుతాను" అన్నారు. డాక్టర్లంత అధ్వాన్నమైన రోగులు ఇంకెవరూ ఉండరు. మీరూ అంతే, నేనూ అంతే. మనకి జబ్బు రావడం మన చదువుకి అవమానం అనుకుంటాం.

ఇక్కడ పైడమ్మ పరిస్థితి వేరు.

"నాతోటి మాటాడ్డం మానేసినాడమ్మా. కూడు మట్టుకు తింతన్నాడు" అంది ఫోనులో. మాత్రలు అతని ఎదురుగా పెట్టింది. చూడలేదు. నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి ఇంట్లో ఉండీ లేడనిపించాడు. ఇంకోసారి వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండా, "మీకు దండమెడతానమ్మా, ఎల్లిపోండి" అన్నాడు. ఊళ్లో కుర్రాళ్లు కనపడితే చాలు, "సేతులు నొప్పులేటి మావా?" అని అడిగేవాళ్లట.

వేళాకోళం జబ్బు కన్నా ముందు మనిషిని పడగొడుతుంది. ఆరోజు ఆ నవ్వు నాకు కూడా వచ్చింది. ఊరంతా ఉన్నచోట ఏం కొలవాలో, ఏం కొలవకూడదో అప్పట్నుంచి జాగ్రత్తపడ్డాను. మీరు శిబిరాలు పెడితే ఒక మూల చీర అడ్డం కట్టించండి. బ్యానరు కన్నా అది ముఖ్యం.

"తాగేసినాడనుకున్నామమ్మా"

ఒక ఉదయం ఓపీ నడుస్తుండగా వరండా దాకా ఆటో దూసుకొచ్చింది. అందులోంచి ఎర్రన్న, ఇంకో ఇద్దరు కలిసి అప్పన్నని దించారు. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి వేలాడుతోంది. వెనకాలే పైడమ్మ, చేపల గంప ఎక్కడ వదిలేసిందో, తల మీద చుట్టకుదురు మాత్రం అలాగే ఉంది.

ఎర్రన్న ఏడుస్తున్నాడు.

"వల లాగతన్నామమ్మా. 'ఒదలండి' అనాల్సినోడు ఏటో కూసినాడు. ఇంకోపాలి కూసినాడు. తాగేసినాడనుకుని నవ్వినామమ్మా. సముద్రం మీద ఆడు ఎప్పుడూ తాగడు. ఆ సంగతి తెలిసీ నవ్వినాం."

ఇలాంటప్పుడు చిన్న ఆసుపత్రిలో డాక్టరు చెయ్యగలిగింది తక్కువ. అంబులెన్సు పిలిచాను. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఫోను చేసి, ఎప్పుడు మొదలైందో చెప్పి, స్కానింగు సిద్ధంగా ఉంచమన్నాను. ఎవరో సోడా తెచ్చారు, ఎవరో కషాయం తెచ్చారు. నోట్లో ఏదీ పొయ్యనివ్వలేదు. మింగలేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీరత్వం ఏమీ లేదు ఇందులో. కాకపోతే ఈ మాత్రం చెయ్యనిచోట మనుషులు పోయారు.

అంబులెన్సులోకి ఎక్కించాక అప్పన్న పైడమ్మతో ఏదో చెప్పాలని చూశాడు. మాట ముద్దగా వచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి ప్రయత్నించి ఊరుకున్నాడు. అప్పుడు బాగున్న ఎడమ చెయ్యి ఆవిడ వైపు చాపాడు. కొన్నాళ్లుగా పెళ్లాంతో మాట్లాడని మనిషి. ఆవిడ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, శ్రీకాకుళం దాకా వదల్లేదని అంబులెన్సు కుర్రాడు చెప్పాడు.

అదృష్టం, మెదడుకి తగిలిన దెబ్బ చిన్నది. తొందరగా తీసుకెళ్లారు కూడా. ఎర్రన్న తను నవ్వాననే తలుచుకుంటాడు గానీ, పడవ తిప్పి ఇంజను మొత్తం వదిలి ఒడ్డుకి తెచ్చింది కూడా అతనే.

అప్పన్న ఇంటికొచ్చాడు. మాత్రలు మొదలయ్యాయి. దాచుకోవడం లేదు, పళ్లెంలో అన్నం పక్కనే. మాట తిరిగింది, చెయ్యి తిరిగింది. కొన్నాళ్లకి నా మీద ఫిర్యాదుతో వచ్చాడు.

"ఏటమ్మా, మిషను ఇదివరకట్లాగ గట్టిగా నొక్కడం నేదు. మార్చి ఇయ్యండి."

"మాత్రలు పనిచేస్తున్నాయి అప్పన్నా. నీ బీపీ తగ్గింది, దానికి గట్టిగా నొక్కే పనిలేదు."

"అలాగయితే సేతినొప్పులకేటి దారి?"

ఇంతకీ ఆ నొప్పులు నిజమేనన్నమాట. ఆ సంగతి అప్పటిదాకా మేమెవ్వరం అడగలేదు. నూనె రాయించుకోమన్నాను.

పడవ మీద ఒక వేటకాలం ఎర్రన్న పెద్దగా ఉన్నాడు. అప్పన్న వల మడతలు చూసుకుంటూ ముందు కూర్చున్నాడు. వేట నిషేధం రోజులు గడిచి మళ్లీ పడవలు దించినప్పుడు, ఎర్రన్న పడవ పెద్ద నిలబడే వెనకచోటు ఖాళీ చేసి పక్కకి జరిగాడట. అప్పన్న వెళ్లి అక్కడ నిలబడ్డాడు. కుర్రాళ్లు అతని మాట వినరేమోనన్న భయం ఏమైందని పైడమ్మని అడిగాను.

"ఇంతన్నారమ్మా. ఆడు ఏటన్నా కాత్త తేడాగా పలికితే పడవ తిప్పెత్తన్నారు. ఆడికి ఇసుగు" అంది.

మానేయొచ్చా?

నేను రిటైరయి విజయనగరం వచ్చేశాక కూడా పైడమ్మ ఫోనులు ఆగలేదు. ఒకసారి అప్పన్నే తీసుకున్నాడు.

"అమ్మా, ఎన్నాళ్లనుంచో నూట ముప్పై దాటనేదు. తగ్గిపోనాది గదా, బిళ్లలు మానేయొచ్చేటి?"

ఈ ప్రశ్న ప్రతి రోగీ అడుగుతాడు. దీనికి నేను ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను, ఒక్కటీ గట్టిగా పనిచేసిన గుర్తు లేదు. ఆరోజు ఉపన్యాసం ఇవ్వలేదు. జరిగింది చెప్పాను.

"ఆరోజు షెల్టరులో నీ పక్కన కూర్చున్న పెద్దాయన గుర్తున్నారా? ఆయన మానేశారు అప్పన్నా."

నిజమే. సోమయాజులుగారు మాత్రలు శ్రద్ధగానే వాడారు. బీపీ నూట ఇరవైల్లోకి వచ్చింది. తర్వాత ఒకసారి కలిసినప్పుడు "అత్తగారికి నయమైపోయిందమ్మా, ఆపేశాం" అన్నారు. నయం కాలేదు సార్, మాత్ర వల్ల తగ్గింది అంటే నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు విజయనగరంలో సొంతింట్లో, కుర్చీలో ఉన్నారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మాట నేర్పేవాళ్లు వచ్చి పలికించబోతే ఆయన పలకరు. అంత కంఠం ఉన్న మనిషి, వంకరగా వచ్చే మాట ఇతరులు వినడం ఆయనకి ఇష్టం లేదు. భార్యతో కూడా సైగలే.

ఇదంతా విన్నాడు అప్పన్న.

"ఆ బాబుగారింటికి నన్ను తీసుకెల్తారేటి?" అన్నాడు.

రైలు దిగి పనసపండు భుజాన వేసుకుని వచ్చాడు. "ఆళ్లింటికి సేప పట్టుకెళ్లకూడదు గదమ్మా" అన్నాడు. ఇద్దరం వెళ్లాం. సోమయాజులుగారు అతన్ని గుర్తుపట్టారు. గుర్తుపట్టి మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆయన భార్య తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

అప్పన్న కుర్చీ ఇస్తే కూర్చోలేదు. ఆయన ఎదురుగా నేలమీద చతికిలబడి, తలెత్తి మాట్లాడాడు.

"బాబూ, నాకూ ఇలాగే అయినాది. నాలిక తిరిగేది కాదు. కుర్రోళ్లు ఇంటారని నానూ నోరు తెరవనేదు. ఆకరికి మాపటేళ ఒడ్డుకెల్లి, సముద్రం మొకాన సేపల పేర్లు అరిసేవోణ్ణి. సముద్రం నవ్వదు గదా. తవరు కూడా అనండి. ఇక్కడెవరూ నవ్వరు. సొర."

గుమ్మంలో ఆవిడ కంగారుపడింది. "అయ్యో, ఆయన..." అని ఆగిపోయింది.

సోమయాజులుగారు కళ్లు మూసుకున్నారు. అప్పన్న కదల్లేదు. మళ్లీ మెల్లగా "సొర" అన్నాడు.

"సొ..." అన్నారాయన. నోటి చివర నుంచి చొంగ కారింది. ఎడమ చేత్తో తుడుచుకున్నారు. "సొ...ర."

"అదీ! కవళ్లు."

"క...ళ్లు."

"పరవానేదు. మళ్లీ వద్దాం దాని దగ్గరికి. నెత్తళ్లు."

ఆయన పెదాలు కూడదీసుకున్నారు. మెడ నరాలు ఉబ్బాయి. ఒకసారి తప్పిపోయింది. రెండోసారీ తప్పిపోయింది. మూడోసారి ఆ పాత కంఠం, బొంగురుగా, ఒక్క మాటలో బయటికొచ్చింది.

"నెత్తళ్లు."

ఎవరూ చేప ముట్టని ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడైనా వినబడిందో లేదో. ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో నాకు కనపడలేదు. సోమయాజులుగారు మాత్రం కిటికీ వైపు చూడ్డం మానేసి అప్పన్నని చూస్తున్నారు, తర్వాతి పేరు ఏమిటన్నట్టు.

అప్పన్న కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

"బాగన్నారు బాబూ. ఇప్పుడు పండుగొప్ప. ఇది కాత్త పెద్దది."